వేరుశనగల పాట: డాన్ అస్పియాసు వాద్యబృందం

డాన్ అస్పియాసు క్యూబాలోని సియెన్‌ఫ్యూగోస్ పట్టణంలో పుట్టాడు. హవానాలోని కాసినో నాసియోనల్‌లో వాద్యబృందాన్ని నడిపాడు. అమెరికా నుంచి వచ్చే పర్యాటకులే అక్కడ ప్రధాన శ్రోతలు కావడంతో జాజ్, క్యూబన్ సంగీతం రెండింటిలోనూ అతని బృందానికి పట్టు చిక్కింది. అందులో తెల్లవారు, నల్లవారు కలిసి వాయించేవారు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

1930 ఏప్రిల్‌లో ఈ బృందం న్యూయార్క్ పాలెస్ థియేటర్‌లో ప్రదర్శన ఇచ్చింది. మొయిసేస్ సిమోన్స్ రాసిన ‘ఎల్ మనిసేరో’ పాటను గాయకుడు ఆంటోనియో మచీన్ అక్కడ పాడాడు. వీధిలో వేరుశనగలు అమ్మేవాడి కేకే ఆ పాటకు ఆధారం. క్యూబాలో రీటా మోంటానేర్ గొంతులో ఆ పాట అప్పటికే రికార్డయింది. న్యూయార్క్ శ్రోతలకు మాత్రం మరాకాస్, క్లావేస్, బోంగోలు కలిసి పలికించే ఆ లయ కొత్త. అంతకుముందు వారు విన్న లాటిన్ బాణీలు చాలావరకు అమెరికన్ అభిరుచికి తగ్గట్టు మెత్తబడ్డవే. అస్పియాసు క్యూబన్ తాళవాద్యాలను తగ్గించకుండా వినిపించాడు. అతని అసలు ఘనత ఇదే.

మే నెలలో బృందం ఈ పాటతో విక్టర్ రికార్డు కంపెనీకి చేసిన రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. అదే ఏడాది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఈ పాటను రికార్డు చేశాడు. తర్వాత బృందం యూరప్‌లో పర్యటించింది. ఈ లయకు ఆడే నృత్యం రుంబా పేరుతో అమెరికా, యూరప్ నగరాల్లో వ్యాపించింది. అయితే ఆ ఆదరణ ఫలితం హోటళ్లలో స్థిరపడిన జేవియర్ కుగాట్ వంటి బృందనాయకులకే ఎక్కువగా దక్కింది. అస్పియాసు 1943లో హవానాలో మరణించాడు.