మాదాపూర్ కంచల తోడేళ్ల ముచ్చట

దగ్గరికి జరుగు బిడ్డా, మంట సెగ తగలాలె. ఆ ఫోను బోర్లేసి పక్కన పెట్టు. నా ముచ్చట రెండు నిమిషాల వీడియో కాదు, జర ఓపిక పట్టాలె. మొన్న నువ్వే కదా నవ్వుకుంట అడిగినవు, "తాతా, హైటెక్ సిటీల తోడేళ్లుండెనంట, నిజమేనా?" అని. నిజమే బిడ్డా. వాజ్‌పేయి వచ్చి 1998 నవంబర్ 22న సైబర్ టవర్స్‌ను షురూ చేసిన్రు. నీ లెక్కల ఆ జాగ పుట్టింది ఆనాడే. నాకు మాత్రం అది గొర్ల వెంట తిరిగిన జాగ.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, ఖాజాగూడ, ఇవన్నీ అప్పుడు గుట్టల నడుమ చిన్న చిన్న ఊర్లు. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూసున్న గుండ్లు, వాటి సందుల సీతాఫలం చెట్లు, కింద తుమ్మలు, రేగు పొదలు. వానలు పడంగనే మోకాలెత్తు గడ్డి. తాగెటందుకు దుర్గం చెరువు నీళ్లు. ఊర్ల చుట్టు సర్కారు కంచ, అండ్ల ఎవ్వరి జీవాలైన మేసేటియి. పట్నం పోవాలంటే పొద్దుగాలనే సద్ది మూట కట్టుకొని బయలెల్లేది. నువ్వు నవ్వకు, కారుల పోయినా ఇప్పుడు నీకు గంట పడ్తనే ఉన్నది.

కురుమోళ్లు, గొల్లోళ్లు ఆ కంచను నమ్ముకొని బతికిన్రు. కురుమోళ్లయి నల్ల ఉన్ని గొర్లు. ఆ ఉన్ని కత్తిరించి, ఆడోళ్లు వడికి, మొగోళ్లు నేసి గొంగడి చేసేది. వానకు గొడుగు అదే, చలికి దుప్పటి అదే, చుట్టమొస్తే పరిచే చాప అదే. బీరప్ప కథ చెప్పే ఒగ్గోళ్లు గొర్లు పుట్టలకెల్లి పుట్టినయని పాడుతరు. దేవుడిచ్చిన సొమ్ము కాబట్టి పొట్టేలును కాలుతో తన్నొద్దని మా అవ్వ కొట్టి మరీ చెప్పేది.

ధరలు అడుగుతవేమో, చెప్త. అప్పుడు మనకు నిజాం హాలీ సిక్కా నడుస్తుండె. ఏడు హాలీ రూపాలిస్తే ఆరు ఇంగ్లీషు రూపాలు వచ్చేటియి. వాటిని కల్దార్ అనేటోళ్లు. పదిహేను, ఇరువై రూపాలకు మంచి గొర్రె దొరికేది. రొక్కం మాత్రం ఎవరి చేతుల ఉండకపోయేది. పంట కోసినంక రైతు పిలిచి తన చెల్కల మందను పండబెట్టిచ్చుకునేటోడు. రాత్రంత గొర్లు పండితే పెంట పడి భూమికి బలం. దానికి కూలి జొన్నలు, మానికెతో కొలిచి పోసేది. కొలిచేటప్పుడు బొటనవేలు మానికె లోపటికి పెట్టి రైతు ఇంత మిగిలిచ్చుకునేటోడు, కాపరి చూసి చూడనట్టు ఊకునేటోడు. మల్ల ఏడాది అదే చెల్కకు పోవాలె కదా. ఇగో, ధరల ముచ్చటల పడి తోడేలును మర్సిన. అది గుట్ట మీద మనకోసం చూస్తున్నది, పోదాం పా.

నువ్వు సినిమాల చూసే తోడేలు వేరు, మనది వేరు. మన దక్కన్ తోడేలు బక్కగ, పొడుగు కాళ్లతో ఉంటది. ఇరువై కిలోల ముందు వెనక బరువు. రంగు ఎండిన గడ్డి రంగే, కండ్ల ముందర నిలబడ్డా కనవడదు. పెద్ద గుంపులు కట్టదు, రెండో మూడో ఒక ఇంటోళ్ల తీరుగ తిరుగుతయి. కుందేలు, ఎలుక, జింక పిల్ల దాని తిండి. అవి దొరకనప్పుడు గొర్రె. తెలివి ఎక్కువ. ఒకటి మంద ముందర కావాలని కనవడి కుక్కలను, కాపరిని అటు ఉరికిస్తది. ఇంకొకటి వెనక రేగు పొదలకెల్లి వచ్చి పిల్లను నోట కరుచుకొని పోతది. కాపరి మొదటిదాన్ని తరిమేసిన ఖుషీల నవ్వుకుంట తిరిగొచ్చి గొర్లను లెక్కపెట్టి ఏడుస్తడు.

అందుకే ప్రతి పనికి ఒక పద్ధతుండె. పొద్దు గూకకముందే దొడ్డి చుట్టు ముండ్లకంప పేర్చాలె. మూల మూలకు నెగడు వెయ్యాలె. చిన్న గొర్రె పిల్లలను గంపల కింద కమ్మి పైన రాయి పెట్టాలె. చేతి కింద గుత్పకట్టె, నడుముకు ఒడిసెల. అన్నిటి కంటె ముఖ్యం, కాపరి నోట్ల ముద్ద పెట్టుకునేముందు కుక్కకు రొట్టె వెయ్యాలె. ఆకలిగొన్న కుక్క ఊర్లెకు పోతది, మంద కాడ ఉండదని పెద్దోళ్ల మాట. ఆ ముందటి రొట్టె మర్సిపోయిన కాపరిని నలుగుట్ల తిట్టేటోళ్లు.

ఇంత చేసినా ఏడాదికి ఒకటో రెండో పోయేటియి. పోయిన్నాడు ఇంట్ల పొయ్యి వెలగకపోయేది. ఆడోళ్లు తోడేలు ఏడు తరాలను తిట్టేది. తెల్లారి మల్ల మందను అదే కంచకు కొట్టేది. అప్పటోళ్లు అందరు దయామయులని అనుకోకు. గుహ దొరికితే పొగబెట్టి, రాళ్లతో మూసి, తోడేలు పిల్లలను సంపిన కాపరులున్నరు. నేను దాన్ని మెచ్చుకోను. కని పది గొర్లున్నోనికి ఒక గొర్రె పోతే ఎంత పోయినట్టో తెల్వకుంట వాన్ని తప్పు పట్టను గూడ. ఎద్దు పుండు కాకికి ముద్దా?

ఇగ మనుషుల తిక్క పనులు విను. ఒకనింట్ల ఒక జీతగాడు. ఒకనాడు సాయంత్రం తల మీద చేతులు పెట్టుకొని వచ్చి "పటేలా, బలిసిన పొట్టేలును తోడేలు ఎత్తుకపోయింది" అన్నడు. ఆ ఇంటి ముసలమ్మ ఏమనలే. కట్టె పట్టుకొని "పా, ఆ జాగ చూపియ్యి" అని లేచింది. ఎందుకంటే తోడేలు అంత తింటది గని గడ్డి నిండిన పొట్టను ఆడనే విడిచిపెడ్తది. కంచంత తిరిగినా పొట్ట లేదు, నెత్తురు లేదు, ఉన్ని పోగు లేదు. ఆఖరికి పక్క ఊర్ల ఒక దావతుల పొట్టేలు చెవి దొరికింది, చెవి మీద ఆ ఇంటి కోత గుర్తు ఉన్నది. ముసలమ్మ వాన్ని కొట్టలే. "కొడుకా, తోడేలు ఆకలైతే దొంగతనం చేస్తది, చేసినంక ఇంకొకని మీదికి నూకదు" అన్నది. వాడు ఆ ఏడాది జీతంలకెల్లి పొట్టేలు పైస కట్టుకున్నడు. ఈ పొట్ట ముచ్చట యాది పెట్టుకో, మల్ల అడుగుత.

కాపరి కొట్లాట ఇట్లుండంగ, పెద్దోళ్లకు ఇంకో కొట్లాట, జింకల కోసం. కృష్ణజింకలు అప్పుడు మన బీడులల్ల మందలు మందలుగ తిరిగేటియి. నిజాం వాటిని వేటాడెటందుకు చీతాలను సాదేటోడు. తర్ఫీదిచ్చిన చీతాలను, మన దేశంల అంతరిచ్చినయని 1952ల తేల్చిన అవే చీతాలను, బండి మీద కండ్లకు గంతలు కట్టి తెచ్చి జింకల మీదికి వదిలేటోళ్లు. ఇప్పుడు వనస్థలిపురం కాడ 1975ల పెట్టిన మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది చూడు, అదంత ఒకప్పటి షికారు జాగనే. దొర జింకను కొడితే షికారు, తోడేలు కొడితే దొంగతనం. ఇంగ్లీషోళ్ల ఇలాకల తోడేలును సంపినోనికి ఇనామిచ్చిన్రు. 1875 నుంచి 1925 దాక రెండు లక్షల తోడేళ్లు పోయినయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క తీసిండు. ఈడ దౌరాకు వచ్చిన అధికారికి, దేశ్‌ముఖ్ ఇంట్ల పెండ్లికి కాపరి వెట్టికింద గొర్రె ఇచ్చుకోవాలె, ఒక్క పైస రాదు. తోడేలు తిన్నదాని కంటె దౌరాలకు పోయిందే ఎక్కువని మా అవ్వ వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పేది.

మరి తోడేలు ఎటు పోయింది అంటవు. పిచ్చోడా, ఈడ దాన్ని ఎవరూ తుపాకితో కొట్టలే. జాగ పోయింది, దాంతోనే పోయింది. 1974ల సెంట్రల్ యూనివర్సిటీ వచ్చింది, రెండువేల మూడువందల ఎకరాలు. అది జింకలను, నెమళ్లను ఇన్నేండ్లు కడుపుల పెట్టుకొని కాపాడింది. ఆ తర్వాత రోడ్లు, టవర్లు. జింక పోతే, కుందేలు పోతే, తోడేలుకు గొర్రె ఒక్కటే మిగిలింది. గడ్డి పోతే గొర్రె గూడ పోయింది. 2023 ఆగస్టుల కోకాపేటల ఎకరం వంద కోట్లు దాటింది. 2025 అక్టోబర్‌ల రాయదుర్గంల ఎకరం 177 కోట్లకు పోయింది. ఆ జాగలనే కాపరి కూలి జొన్నలకు మందను పండబెట్టిండు. భూమి ధర పెరిగిందని నేను ఏడ్వను, నీ జీతం గూడ అండ్లకెల్లే వస్తున్నది. కని ఆ కోట్లల్ల మందోనికి ఒక్క రూపాయి రాలె, ఎందుకంటె కంచ వాని పేరు మీద లేదు. తరతరాలు మేపిన జాగకు కాయితం లేదు. 2025ల కంచ గచ్చిబౌలి నాలుగువందల ఎకరాల మీదికి బుల్డోజర్లు వస్తే పోరగాండ్లు అడ్డం పడ్డరు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టుడు ఆపింది. నాకు మస్తు సంతోషమైంది. అందరు జింకలను, నెమళ్లను యాది చేసిన్రు. అది మేపుడు కంచ అని, దాని మీద కాపరి బతికిండని యాది చేసినోళ్లు తక్కువ.

ఇంకో తప్పు చెప్త. గడ్డి బీడు అంటే మన లెక్కలల్ల పనికిరాని భూమి. మన బాలానగర్‌ల ఉన్న రిమోట్ సెన్సింగ్ సంస్థ దేశంల బంజరు భూముల పటాలు గీసింది. వాటిల తోడేలు తిరిగే బీడు గూడ పడావు భూమి లెక్కకే వచ్చింది. పడావు అన్నంక చెట్లు పెట్టాలె, లేకుంటె ఫ్యాక్టరీ పెట్టాలె. సర్కారు చెట్లు నాటే హరితహారం 2015 జులైల చిలుకూరుల మొదలైంది. చెట్టు మంచిదే, కాదన. కని గడ్డి ఉండాల్సిన బీడుల గుంతలు తవ్వి చెట్లు నాటితే గొర్రెకు మేత పోతది, జింకకు మైదానం పోతది, తోడేలుకు తిండి పోతది. కర్నూలు దిక్కు రోళ్లపాడుల ఇంకో పాఠం ఉన్నది. బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెడితే కృష్ణజింకలు పెరిగినయి, చేన్లు మేసినయి, రైతులు తిరగబడ్డరు. ఒక జీవిని కాపాడుతమని పక్క మనిషిని అడగకపోతే గట్లనే అయితది.

ఇప్పుడు తోడేలు విలువ చదువుకున్నోళ్లకు తెలిసింది. హబ్సిగూడ సీసీఎంబీ శాస్త్రవేత్తలే ఇరువై ఏండ్ల కింద తేల్చిన్రు, మన మైదానపు తోడేలు కొన్ని లక్షల ఏండ్ల కిందనే వేరువడ్డ వంశమని. దేశం మొత్తంల మూడువేల పైచిలుకు ఉన్నయని డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ అంచనా. పులుల అంచనా కంటె గూడ ఇది తక్కువ. 1972 వన్యప్రాణి చట్టం పులికి ఇచ్చిన రక్షణే దీనికి గూడ ఇచ్చింది, సంపితే మూడేండ్లకు తక్కువ కాకుంట జైలు. పక్క కర్ణాటకల కొప్పళ జిల్లా బంకాపురల తోడేళ్ల కోసమే అభయారణ్యం పెట్టిన్రు. భయం అబద్ధమని గూడ అనకు. 2024ల ఉత్తరప్రదేశ్ బహ్రాయిచ్‌ల పసిపిల్లలను ఎత్తుకపోయినయి, ఆ తల్లుల ఏడుపు ముందు చట్టం ముచ్చట నడవదు.

ఇప్పుడు పొట్ట ముచ్చటకు వద్దాం, యాది ఉన్నదా? అప్పుడు ముసలమ్మ ఆనాడే పోయి చూసి తేల్చింది. ఇప్పుడు గొర్రె పోతే పరిహారం కోసం కాపరి ఫోటో తియ్యాలె, పశువుల డాక్టరును పిలవాలె, అటవీ శాఖోళ్ల పంచనామా కావాలె. వాళ్లొచ్చేలోపు ఊర కుక్కలు మిగిలింది పీక్కొని తింటయి. "తోడేలేనని రుజువేంది?" అంటరు. ఇంక ఊర కుక్కలు మందల మీద పడుడు, తోడేలుకు రోగాలు అంటిచ్చుడు వేరే బాధ. 2017ల సర్కారు కాపరికి 20 గొర్లు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీతో ఇచ్చింది. గొర్రె వచ్చింది, మేపే జాగ రాలె. మేత లేని మందను దూరం తోలుతడు, దూరంల తోడేలుంటది, గొర్రె పోతది, పరిహారం రాదు. అప్పుడు వాడు గొర్రె పీనుగుల విషం కలిపితే వాన్ని ఒక్కన్నే దోషి అందామా?

నేను ఇంత చెప్పింది ఒక్క మాట కోసం బిడ్డా. తోడేలును కాపాడాలంటే ముందు కాపరిని కాపాడాలె. పట్నంల కూసొని తోడేలు ఉండాలనుడు అలకన, దాన్ని సాదేటోడు గుట్ట కాడ గొంగడి కప్పుకొని మేల్కొని ఉన్నడు. మీ ఆఫీసుల ఏటేటా చెట్లు నాటుడుకు పైసలు పెడ్తరు కదా. ఈసారి బీడుల చెట్లు వద్దని చెప్పు. ఆ పైసలతో ఊర్లల్ల మిగిలిన కంచలను కొలిపిచ్చి మేపుడు భూమి అని కాయితం రాపియ్యండ్రి. ఊర కుక్కలకు సూదులు ఇప్పియ్యండ్రి. తోడేలు తిన్న గొర్రెకు వారం తిరగకముందే కాపరి చేతుల పైసలు పడేటట్టు చూడండ్రి, సర్కారు పైస తర్వాత వస్తే మీది మీరు తీసుకోండ్రి. నీకు మీటింగులల్ల నోరు బాగనే లేస్తదని మీ అమ్మ చెప్తది. సోమవారం పోయి ఈ ముచ్చట అడుగు, వాళ్లేమన్నరో వచ్చి నాకు చెప్పు.