ఉత్తరాంధ్ర తీరంలో అరుదైన మృత్తిక మూలకాలు – జలచరాలపై ప్రభావం

లాంథనం నుంచి లుటీషియం వరకు ఉన్న 15 మూలకాలను, వాటితో పాటు స్కాండియం, ఇట్రియంలను అరుదైన మృత్తిక మూలకాలు అంటారు. శ్రీకాకుళం, విజయనగరం తీరానికి ఇవి తూర్పు కనుమల నుంచి వచ్చాయి. అక్కడి ఖోండలైట్, చార్నకైట్ శిలలు వానలకు అరిగి, వంశధార వెంట కళింగపట్నానికి, నాగావళి వెంట కళ్లేపల్లికి, చంపావతి వెంట కోనాడకు చేరతాయి. తేలిక ఇసుకను అల వెనక్కి లాక్కుపోతుంది, బరువైనది ఒడ్డునే ఉండిపోతుంది. ఇక్కడి తీరంలో కనిపించే నల్లని చారలు ఇల్మనైట్‌వి, ఎర్రజీరలు గార్నెట్‌వి. వాటి మధ్య భూతద్దంలో తేనెరంగుగా కనిపించే గింజ మోనజైట్. దాని బరువులో సగానికి పైగా ఈ మూలకాల ఆక్సైడ్లే, కొంత థోరియం కూడా ఉంటుంది. అయితే మోనజైట్ ఫాస్ఫేటు ఖనిజం, మామూలు నీటిలో దాదాపు కరగదు. కాబట్టి ఇసుకలో ఉన్నంత మాత్రాన దాన్ని కాలుష్యం అనలేం. ఆ గింజను రసాయనాలతో విప్పి, అందులోని లోహాన్ని నీటిలోకి వదిలినప్పుడే జలచరాలకు ముప్పు మొదలవుతుంది. ఆ ముప్పును రేపు నిరూపించాలంటే ఇవాళ్టి నీటి లెక్క చేతిలో ఉండాలి.

మన దేశంలో మోనజైట్ చరిత్ర 1909లో తిరువాన్కూరు తీరంలో మొదలైంది. అక్కడి నుంచి ఎగుమతయిన కొబ్బరిపీచుకు అంటుకున్న ఇసుకలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త షోమ్‌బర్గ్ దీన్ని గుర్తించాడు. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పడింది, 1952లో కేరళలోని ఆలువాలో కర్మాగారం పని మొదలుపెట్టింది. 1986లో అదే సంస్థ ఇచ్ఛాపురానికి అవతల, ఒడిశాలోని ఛత్రపురంలో తీర ఖనిజాల ప్లాంటు తెరిచింది. శ్రీకాకుళం జిల్లాలో భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం నిల్వలను అణు ఖనిజాల డైరెక్టరేట్ గుర్తించింది. గార మండలం వత్సవలస దగ్గర ఒక ప్రైవేటు సంస్థ ఇల్మనైట్, గార్నెట్, సిలిమనైట్ తీసేది. 2016 నాటి నిబంధనలు మోనజైట్ ఒక పరిమితి దాటిన నిల్వలను ప్రభుత్వ సంస్థలకే కేటాయించాయి. 2019లో ఆ పరిమితిని సున్నాకు దించడంతో తీర ఖనిజాల్లో ప్రైవేటు తవ్వకాలకు దారి మూసుకుపోయింది. దేశంలోని మోనజైట్ నిల్వల్లో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, సుమారు 37 లక్షల టన్నులు. మరోవైపు అచ్యుతాపురంలో 2023లో సమేరియం–కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఉత్తరాన ఛత్రపురం, దక్షిణాన అచ్యుతాపురం, నడుమ ముడి ఇసుకతో మన రెండు జిల్లాలు. రసాయన పరిశ్రమ ఇక్కడికి ఎప్పటికీ రాదని అనుకోవడానికి ఆధారం లేదు.

నీటిలో కరిగిన లాంథనం అయాను పరిమాణంలో కాల్షియం అయానుకు దగ్గరగా ఉంటుంది. చేప మొప్పల మీద కాల్షియం దిగాల్సిన చోట లాంథనం కూర్చుని, కణంలోకి పోయే దారిని మూసేస్తుంది. చేప లోపలికి చేరినదాంట్లో ఎక్కువ భాగం కండలో కాక కాలేయంలో, మూత్రపిండాల్లో నిలుస్తుంది. ఈ లోహాలు ఫాస్ఫేటును గట్టిగా పట్టుకుంటాయి కనుక నాచుకు తిండి కరువవుతుంది. సముద్రపు ముళ్లచెండు పిండాల ఎదుగుదల దెబ్బతింటుందని ప్రయోగాల్లో తేలింది. విషం తీవ్రత నీటిని బట్టి మారుతుంది. మెత్తని మంచినీటిలో స్వేచ్ఛా అయాను ఎక్కువ, ఉప్పునీటిలో కార్బొనేటు దాన్ని కట్టిపడేస్తుంది. అందుకే మొగ దగ్గర జరిగేదే కీలకం. నదినీరు ఉప్పునీటిని తాకగానే, కరిగినట్టు కనిపించే లోహంలో పెద్ద భాగం సన్నని ఒండ్రుతో పాటు గడ్డకట్టి అడుగుకు దిగుతుంది. అంటే ఎగువన ఏది వదిలినా అందులో పెద్ద వంతు చేరేది పీతలు, ఆల్చిప్పలు, రొయ్యపిల్లలు బతికే బురదలోకే.

లక్షల ఏళ్లుగా ఈ ఇసుక ఇక్కడే ఉంది, చేపలకు ఏమైందని అడిగేవారి మాటలో నిజముంది. కరగని గింజ చేపను చంపదు. కానీ ఆ వాదన ఇసుకకు చెల్లుతుంది, ఇసుకను కాస్టిక్ సోడాతో ఉడికించాక మిగిలే వ్యర్థజలానికి చెల్లదు. పాదరసంలాగా ఇవి చిన్న చేప నుంచి పెద్ద చేపకు పేరుకుపోవన్నది మరో అభ్యంతరం. కెనడా సరస్సుల్లో పరిశోధకులు చూసింది కూడా అదే, ఆహార గొలుసులో పైకి పోయేకొద్దీ ఇవి తగ్గాయి. తినేవాడికి అది ఊరట. అడుగున బతికే జీవికి కాదు, ఎందుకంటే గొలుసులో అన్నిటికన్నా ఎక్కువ మోసేది అదే. మరి కొందరు ఉద్దానం కిడ్నీ జబ్బును దీనికి ముడిపెట్టబోతారు. ఆ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. ఆధారం లేని ఆరోపణ మొదట బలహీనపరిచేది మత్స్యకారుల పక్షాన్నే. తవ్వకాలతో దిబ్బలు చదునై ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు పోవడం వేరే నష్టం. దానికి రసాయనంతో పని లేదు, దాన్ని విడిగానే లెక్కించాలి.

సహజంగానే ఈ మూలకాలున్న చోట కాలుష్యాన్ని ఎలా పసిగట్టాలి? దారి రైన్ నది చూపింది. ప్రకృతిలో ఈ మూలకాలు ఒక నిర్దిష్ట నిష్పత్తిలో, జట్టుగా ఉంటాయి. జర్మనీలో వర్మ్స్ పట్టణం దిగువన లాంథనం ఒక్కటే ఆ జట్టును మించి కనిపించింది. చమురు శుద్ధికి వాడే ఉత్ప్రేరకాల కర్మాగారం నుంచి అది వస్తోందని 2011లో పరిశోధకులు చూపారు. బెర్లిన్ నదుల్లో గడోలినియం ఇలాగే బయటపడింది. ఎంఆర్ఐ పరీక్షకు ముందు రోగులకు ఎక్కించే మందులో ఉండే లోహమది. మొత్తం ఎంత ఉందన్న అంకె చెప్పలేనిదాన్ని నిష్పత్తి చెబుతుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో ఈ మూలకాలకు పరిమితే లేదు, కాబట్టి మామూలు నీటి పరీక్షలో ఇవి కనబడవు. కళింగపట్నం, కళ్లేపల్లి, కోనాడ మొగల్లో వేసవి నీరు, వరద నీరు, అడుగు బురద, ఆల్చిప్ప కండ విడివిడిగా తీసి ఈ మూలకాల నిష్పత్తిని నమోదు చేయడం లోహాలను అతి తక్కువ మోతాదులోనూ కొలిచే ఐసీపీ–ఎంఎస్ యంత్రం ఉన్న ఏ ప్రయోగశాలకైనా సాధ్యమే. అయితే అది మొదటి కర్మాగారానికి అనుమతి రాకముందే జరగాలి. తర్వాత తీసిన నమూనాలో ఏది కనుమలది, ఏది గొట్టంలోంచి వచ్చిందన్నది తేల్చడం కష్టమవుతుంది.