పిరికితనమా? వ్యాధియా?

నీలగిరి కొండలలోని తోడా జాతివారిని గూర్చి 1906లో ఇంగ్లీషున ఒక ఉద్గ్రంథం వెలువడింది. వ్రాసినవారు రివర్స్ అనే ఆంగ్ల వైద్యులు. కొండవారి ఆచారాలను వారి నోటనే ఓపికతో విని వ్రాసుకొన్న మనిషి ఆయన. పదేళ్ల తరువాత ఆ ఓపికే మరొకచోట అక్కరకు వచ్చింది.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైన కొద్దికాలానికే, ఒంటిమీద గాయమన్నది లేకుండా మాట పడిపోయినవారు, చూపు మందగించినవారు, నిద్రలో కేకలు వేసి లేచేవారు కందకాలనుండి ఆసుపత్రులకు రాసాగారు. 1915 ఫిబ్రవరిలో మైయర్స్ అనే వైద్యుడు లాన్సెట్ పత్రికలో ఇటువంటి ముగ్గురి సంగతి ప్రకటించి, ఈ స్థితిని 'షెల్ షాక్' అన్నాడు. ఫిరంగిగుండు ప్రేలుడువల్ల కలిగిన అదురని భావం. తీరా చూస్తే గుండు దరిదాపులకు పోనివారిలో సైతం ఈ లక్షణాలు కనిపించాయి. పేరు సరిపోలేదని మైయర్సే గ్రహించాడు. ప్రేలుడు కారణం కాకపోతే పిరికితనమే కారణమని తీర్పు చెప్పడానికి సైన్యంలో చాలామంది సిద్ధంగా ఉన్నారు. పలాయనం, పిరికితనం మొదలైన నేరాలకు బ్రిటిష్ సైన్యం కాల్చి చంపించిన 306 మందికి 2006లో, తొంభై ఏళ్లు గడచిన తరువాత, పార్లమెంటు క్షమాపణ ప్రసాదించింది. వారిలో రోగులెందరో ఇప్పుడు తేల్చేవారు లేరు.

రివర్స్ 1916లో ఎడింబరోలోని క్రెయిగ్‌లాకార్ట్ ఆసుపత్రిలో చేరారు. జరిగినది మరచిపొమ్మని రోగులకు చెప్పడం అప్పటి వాడుక. పగలంతా తొక్కిపెట్టిన జ్ఞాపకమే రాత్రి పీడకలయై లేస్తుందని రివర్స్ వాదం. 1917 డిసెంబరులో చదివిన వ్యాసంలో ఆయన తన రోగులను కొందరిని వర్ణించారు. ఒక అధికారికి, ప్రేలుడులో తునాతునకలైన మిత్రుని దేహం ప్రతిరాత్రీ కలలో కనిపించేది. దేహం అంతగా ఛిద్రమైనదంటే మరణం తత్‌క్షణమే వచ్చి ఉంటుంది, మిత్రుడు బాధ ఎరుగడు అని రివర్స్ చూపించారు. కొన్ని రాత్రులు కల రాలేదు. మళ్లీ వచ్చినప్పుడు భయం లేదు. ఇంకొక అధికారి ప్రేలుడు విసురుకు కుళ్లిన శత్రుశవంమీద ముఖం ఆనేటట్టు పడ్డాడు. ఇందులో ఊరటనిచ్చే అంశం రివర్స్‌కు ఒక్కటీ దొరకలేదు. కల్పించి చెప్పనూ లేదు. సైన్యం విడిచి పల్లెలో ప్రశాంతంగా బ్రతకమన్నారు. నాకు ఈ రెండవ వైద్యమే గొప్పదిగా తోస్తుంది.

అయితే క్రెయిగ్‌లాకార్ట్ అధికారుల ఆసుపత్రి. సామాన్య సైనికుడు మూగవోతే గొంతుకు విద్యుత్తు పట్టించి మాట్లాడించిన వృత్తాంతాలను లండను వైద్యుడు యీలండ్ 1918లో గ్రంథంగానే అచ్చువేశాడు.

వియత్నాం నుండి తిరిగివచ్చిన సైనికుల ఆందోళన తరువాత, 1980లో అమెరికా మనోవైద్యసంఘం ఈ వ్యాధికి తన పట్టికలో చోటిచ్చింది. అటు తరువాత, ఘోరం జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి అగ్నిమాపక దళాలలోనూ, అంబులెన్సు సిబ్బందిలోనూ వ్యాపించింది. ప్రమాదాలకు లోనైనవారికి ఇటువంటి ఒక్కపూట సంభాషణ జరిపిన ప్రయోగాలను 2002లో పరిశోధకులు కలిపి పరిశీలించారు. అది వ్యాధిని నివారించలేదు. కొన్నిచోట్ల కీడే చేసింది. మాట్లాడటమే వృత్తిగా గల నాబోటివానికి ఇది రుచించే ఫలితం కాదు.

యుద్ధాన్ని నిరసించి ప్రకటన చేసిన కవి ససూన్‌ను 1917 జూలైలో క్రెయిగ్‌లాకార్ట్‌కు పంపారు. వారానికి మూడు సాయంకాలాలు అతడు రివర్స్ గదిలో కూర్చునేవాడు. నవంబరుకు మళ్లీ యుద్ధానికి పోవడానికి సమ్మతించాడు. రోగులను అందుకు సిద్ధం చేయడమే సైన్యం రివర్స్‌కు అప్పగించిన పని.