పెట్రోలు బంకులు: యోగరూఢి విచారము

మండప శబ్దమునకు గంజి త్రాగువాఁడని యవయవార్థము. లోకమున నెవ్వరును నీ యర్థమును దలఁపరు; స్తంభములతోడి కట్టడమునే మండప మందురు. యోగము విడిచినను రూఢిచేత శబ్దము జీవించుచున్నది. కట్టడములకును నీ న్యాయము చెల్లును. ఉత్తరామెరికా ఖండమున దారిప్రక్కల మిగిలియున్న పాత పెట్రోలు బంకు లిందులకుఁ దార్కాణములు.

ఇవి యేల మూతపడెను? క్రొత్త రాజమార్గములు పాతదారులను విడిచి పోవుట యొక కారణము. భూమిలోని తొట్లనుండి చమురు కాఱి నీటిని జెఱచుచుండఁగా, అమెరికా సంయుక్తరాష్ట్ర ప్రభుత్వము 1988లో నియమములు చేసి, 1998 డిసెంబరులోపల పాత తొట్లను బాగుచేయవలయును, లేదా మూయవలయునని శాసించుట మఱియొకటి. చిన్న వర్తకుల కా వ్యయము దుర్భరమయ్యెను.

వాషింగ్టన్ రాష్ట్రమునందలి జిలా పట్టణమున 1922లో కట్టిన బంకు తేనీటి కూజా యాకారము గలది. వయోమింగునందలి టీపాట్ డోమ్ అను ప్రభుత్వపుఁ జమురు భూములను మంత్రి ఆల్బర్ట్ ఫాల్ రహస్యముగాఁ గౌలున కిచ్చెను. టీపాట్ అనఁగాఁ దేనీటి కూజా కావున, ఆ వ్యవహారముపైఁ బరిహాసముగా నీ యాకృతి యేర్పడెను. ఫాల్ లంచము గొన్న నేరమునకు 1929లో శిక్షితుఁడయ్యెను. 1978లోను 2012లోను స్థానము మారిన యా బంకు నేఁడు యాత్రికుల సమాచారశాల.

ఉత్తర కరోలినాలోని విన్‌స్టన్-సేలమ్ ప్రాంతమున షెల్ చమురు నమ్ము వర్తకులు ఆల్చిప్ప యాకారముగల బంకులు కట్టించిరి. వానిలో 1930 నాటి దొక్కటియే మిగిలినది. అది 1976లో జాతీయ చారిత్రక స్థలముల పట్టిక కెక్కి, 1997లో పునరుద్ధరింపఁబడినది.

కెనడా దేశపు మాంట్రియల్ నగరమున ప్రసిద్ధ వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రో రూపించిన 1969 నాటి బంకు 2008లో మూతపడి, 2011లో యువకులకును వృద్ధులకును సమావేశశాల యైనది. పంపు లుండిన చోట, భూతాపమును వినియోగించు యంత్రాంగపు వాయుమార్గములు నిలుపఁబడినవి.

పట్టిక కెక్కుట నిఘంటువున కెక్కుట వంటిది. ప్రయోగము లేని పదము నిఘంటువున నున్నను మృతప్రాయమే. జనులు మసలని కట్టడమును నట్టిదే. కావున రక్షణ మనఁగా వినియోగమే యని నా యభిప్రాయము. అయిన నొక భేదము కలదు. మండపమున గంజిని వెదకువాఁడు లేఁడు, మఱచినను హాని లేదు. ఇచ్చట మఱపు హానికరము. లంచపుఁ గథ నెఱుఁగనివానికి జిలా బంకు కేవల మాటవస్తువు. చమురు కాఱిన తావున, కట్టడము తన యర్థమును మఱచినను మన్ను మఱవదు. మంటిని శోధించి, గోడపైఁ గథను వ్రాసి, పిమ్మటఁ దలుపులు దెఱచుట యుచితము.