దంతమూలములలోని చీకటి దారులు

పన్ను పైకి రాతివలె ఘనముగా నగపడును గాని, దాని నడుమ బోలు గలదు. అందు నరములును రక్తనాళములును గూడిన మెత్తని మజ్జ యుండును. అది వేరులోని సన్నని నాళముగుండ దవడ యెముకను జేరును. పన్ను పుచ్చి యా మజ్జ చెడినప్పుడు, దానిని దీసివైచి, నాళమును శుభ్రపరచి పూడ్చుటయే రూట్ కెనాల్ చికిత్స. అయితే యా నాళము లెన్ని? వాని యాకార మెట్టిది? ఈ ప్రశ్న వైద్యులను చిరకాలము వేధించినది.

1838లో ఎడ్వర్డ్ మేనార్డ్ అను అమెరికా దంతవైద్యుడు గడియారపు స్ప్రింగును సానబట్టి, మజ్జను దీయుటకు సన్నని ముల్లును జేసెను. పనిముట్టు దొరికెను గాని చూపు దొరకలేదు. చేతి స్పర్శయే వైద్యునకు దీపము.

1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను గనుగొనెను. మరుసటి జనవరిలోనే జర్మనీ దేశీయుడగు ఆటో వాల్కాఫ్ 25 నిమిషములు కదలక యుండి తన దంతముల ఛాయను దీయించుకొనెను. 1899లో న్యూ ఆర్లియన్సు నగరపు ఎడ్మండ్ కెల్స్, నాళములో సీసపు తీగ నుంచి, అది యెంతవర కేగినదో ఛాయాచిత్రమున జూచెను. ఆ కిరణముల హాని నెరుగని కాల మగుటచే, కెల్స్ తన వ్రేళ్లను, పిదప చేతిని గోల్పోయి, 1928లో మృతినొందెను. మన మీనాడు క్షణమాత్రమున జూచుచున్న దానికై యాతడు చెల్లించిన మూల్య మట్టిది.

అయినను ఛాయ ఛాయయే. ఒకదాని వెనుక నొకటిగా నున్న రెండు నాళము లందు ఒక్కటిగా గనబడును. జ్యూరిచ్ నగరమున వాల్టర్ హెస్ వేరొక మార్గము ద్రొక్కెను. ఊడిన దంతములలో రబ్బరును నింపి, గట్టిపరచి, పంటిని ఆమ్లములో గరగించెను. మిగిలినది నాళముల ప్రతిరూపము. వేలకొలది దంతముల నిట్లు పరీక్షించి, 1917లో ఫలితములను బ్రకటించెను; 1925లో నవి ఆంగ్లమున వెలువడెను. ఒక్క గొట్టమని తలచినచోట చీలికలు, వలలు, కొమ్మలు గన్పట్టెను.

ఇంతకుముందే, 1910లో, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున లండను వైద్యుడు విలియం హంటర్, నోటిలోని చీము పెక్కు రోగములకు మూలమని యుపన్యసించి యుండెను. ఆ వాదము ప్రబలి, మజ్జ చచ్చిన పండ్లను, కొన్నిచోట్ల మంచి పండ్లను సైతము, పీకివేయుట యాచార మయ్యెను. ఇన్ని సందులను శుభ్రపరచుట యసాధ్యమను వారికి హెస్ ప్రతిరూపములు సాక్ష్యములుగ దోచుట సహజమే. కాని యవే వేరొక పాఠమును నేర్పినవి. చికిత్స విఫలమగుట కొకానొకచో హేతువు పద్ధతి గాక, కానరాక మిగిలిన నాళమే.

పై దవడయందలి మొదటి దవడపంటికి సాధారణముగ మూడు వేళ్లుండును. అందు ముందరి బుగ్గవైపు వేరులో రెండవ నాళము తరచుగ దాగియుండును. క్రింది రెండవ దవడపంటి వేళ్లొక్కొకప్పుడు కలిసిపోయి, నాళము చంద్రవంకవలె వంగియుండును. దీనిని 1979లో కుక్, కాక్స్ అనువారు వర్ణించిరి. తూర్పు ఆసియా ప్రజలలో నిది యధికము. ముల్లు చేరని యట్టి సందులలోనికి సోడియం హైపోక్లోరైట్ ద్రావణమును బంపి కడుగుదురు.

నేడు సూక్ష్మదర్శినియు, మూడు దిక్కుల రూపమును జూపు ఎక్స్ కిరణ యంత్రములును గలవు. అయినను గ్రంథమున జెప్పిన సంఖ్య సామాన్య దంతమునకే వర్తించును. ఎదుట గూర్చున్న రోగి పన్ను సామాన్యమని యెవరు చెప్పగలరు? మరియొక నాళ మున్నదేమో యని వెదకు నా వైద్యుని యోపికవలననే యొక పన్ను నిలుచును.