గంటలు లెక్కపెట్టని బుట్ట

ఇంగ్లండులో ఆదివారం పూట డబ్బు కట్టి మరీ విల్లో చెట్టు కొమ్మలతో బుట్టలు అల్లడం నేర్చుకుంటారంటే మన ఊళ్లో నవ్వుతారు. చేట కావాలంటే మేదరి ఇంటికి వెళ్లి బేరమాడి తెచ్చుకుంటాం గానీ, కూర్చుని అల్లడమేమిటి? తీరుబడి ఎక్కువైనవాళ్ల ముచ్చట అనేయడం తేలికే. ఇంగ్లండు చరిత్ర తిరగేస్తే మాత్రం, ఒక పాత వృత్తి తలదాచుకున్న చోటు ఆ ముచ్చటేనని నాకనిపిస్తుంది.

లండన్ బుట్టల పనివాళ్ల సంఘం 1569 నాటిది. ఆ పనికి ముడిసరుకు పండించిన పేరున్న ప్రాంతం నైరుతి ఇంగ్లండులోని సోమర్సెట్ లెవెల్స్, చలికాలం వరద నిలిచే పల్లపు నేల. ఆకు రాలాక విల్లోను దుబ్బు దాకా నరికేస్తే, వసంతంలో చిగిర్చి ఏడాది తిరిగేసరికి మనిషెత్తు దాటిన కొమ్మలేస్తుంది. తొక్కతోనే ఎండబెడితే ఒక రంగు, చిగురు వేసేదాకా నీళ్లలో నిలబెట్టి ఒలిస్తే తెలుపు, తొక్కతో గంటల తరబడి ఉడికించి ఒలిస్తే తొక్కలోని వగరు దిగి తేనెరంగు. పళ్లు, చేపలు, రొట్టెలు, చాకలి బట్టలు అన్నీ ఈ బుట్టల్లోనే ప్రయాణించాయి. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల నుంచి పారాచూట్లతో సైన్యానికి సరుకులు దింపడానికీ వీటిని వాడారు. 1930ల్లో లెవెల్స్‌లో 3,600 హెక్టార్లకు పైగా ఉన్న విల్లో సాగు ఈ శతాబ్దం మొదటికి 140 హెక్టార్లకు పడిపోయింది. యంత్రం వచ్చి తినేసిందనుకుంటాం. కాదు, విల్లో బుట్టను ఈనాటికీ చేత్తోనే అల్లాలి. ఏ రెండు కొమ్మలూ ఒక్క లావుండవు, మొదలు మొద్దుగా, కొస సన్నగా ఉంటుంది. ప్రతి మలుపులో ఎంత బిగించాలో వేలికే తెలియాలి. 1950ల నుంచి అట్టపెట్టె, ప్లాస్టిక్ సంచి వచ్చి బుట్ట అవసరాన్నే తీసేశాయి. పనితనం చెక్కుచెదరలేదు, దాని మీద గడిపే గంటలకు గిట్టుబాటు పోయిందంతే.

సరదాకు అల్లేవాడికి ఆ లెక్క లేదు. తొక్క తియ్యని కొమ్మను అడుగు పొడవుకు ఒక రోజు చొప్పున నానబెట్టాలంటారు, అంటే ఆరడుగుల కొమ్మకు దాదాపు వారం. కూలి కట్టుకుంటే ఎవరికీ గిట్టని ఈ ఓపికే ఇవాళ మిగిలిన విల్లో రైతుకు బేరం, నేర్పేవాడికి జీతం. సరదా వృత్తికి సాటి కాదనే మాట నిజమే. అంతరిస్తున్న చేతిపనులంటూ ఇంగ్లండులో 2017 నుంచి వెలువడుతున్న జాబితాలో ప్రాంతీయ బుట్టల రకాలు కొన్ని ఉన్నాయి. పెరట్లో పెట్టుకునే పూలబుట్ట అల్లడం వస్తే చేపలరేవు బుట్ట వచ్చినట్టు కాదు. పాతకాలం బంగారమనీ అనలేం. తొక్క ఒలిచే చాకిరీ ఆడవాళ్లది, పిల్లలది. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1915లో పెట్టిన సెయింట్ డన్‌స్టన్స్ సంస్థలో నేర్పిన పనుల్లో బుట్టల అల్లిక ఒకటి. వేరే దారి లేనివాళ్ల పని అనే చిన్నచూపు దానికి చాలాకాలం అంటుకునే ఉంది. అయినా ఆ చిన్నచూపు పుట్టుకతో ముడిపడలేదు కాబట్టి, అక్కడ రిటైరైన టీచరైనా మొహమాటం లేకుండా కొమ్మలు చేతికి తీసుకోగలుగుతాడు. మన దగ్గర వెదురు అల్లిక ఇంకా మేదరి పనే. ఆ ఇళ్ల పిల్లలు మానుకుంటే అందుకోవడానికి మరో చెయ్యి సిద్ధంగా లేదు.