గ్లెన్ రాయ్ గీతలు: మంచు కట్టలు, అలుగులు, డార్విన్ పొరపాటు

స్కాట్లండ్ పర్వత ప్రాంతంలో, బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన బెన్ నెవిస్ శిఖరానికి ఈశాన్యంగా, రాయ్ బ్రిడ్జ్ అనే చిన్న ఊరుంది. అక్కడినుంచి ఉత్తరంగా పోయే ఇరుకుదారి గ్లెన్ రాయ్ లోయలోకి తీసుకువెళుతుంది. ఆ లోయకు రెండువైపులా కొండల మీద, స్కేలు పెట్టి గీసినట్లు, మూడు అడ్డగీతలు కనిపిస్తాయి. సముద్రమట్టానికి పైది సుమారు 350 మీటర్లు, నడిమిది 325, కిందిది 260 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఒక కొండ మీది గీత ఎంత ఎత్తున ఉందో, ఎదుటి కొండ మీదిదీ అంతే ఎత్తున ఉంటుంది. దగ్గరికి వెళితే అవి గీతలు కావు, కొండవాలులోకి తొలిచిన సన్నని మెట్లు. వాటినే సమాంతర రహదారులు అంటారు. వీరుడు ఫింగల్ వేట కోసం వేయించిన బాటలని అక్కడి జానపదులు చెప్పుకునేవారు.

పందొమ్మిదో శతాబ్దపు తొలి దశకాల్లో జాన్ మెకలక్, థామస్ లాడర్ డిక్ అనే ఇద్దరు స్కాట్‌లు వీటిని విడివిడిగా పరిశీలించి, ఇవి ఒకనాటి సరస్సు తీరరేఖలని తేల్చారు. తీరరేఖలన్న మాట సరైనదే. అయితే సరస్సు నిలవాలంటే లోయ ముఖద్వారం దగ్గర అడ్డుకట్ట ఉండాలి. కొన్ని వందల మీటర్ల ఎత్తైన ఆ కట్ట ఏమైంది? మట్టిదో రాతిదో అయితే దాని శిథిలాలెక్కడ? ఈ ప్రశ్నకు వారి దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నే చార్లెస్ డార్విన్‌ను పక్కదారి పట్టించింది. 1838 వేసవిలో ఇరవై తొమ్మిదేళ్ల డార్విన్ గ్లెన్ రాయ్‌లో ఎనిమిది రోజులు తిరిగాడు. అప్పటికి బీగిల్ నౌకాయానం ముగిసి రెండేళ్లు కాలేదు. 1835లో చిలీ దేశపు కన్‌సెప్సియోన్ భూకంపంలో తీరభూమి కొన్ని అడుగులు పైకి లేచిన గుర్తులను ఆయన కళ్లారా చూశాడు. అదే దేశంలో సముద్రపు గవ్వలున్న మెట్లు తీరానికి చాలా ఎత్తున ఉండడమూ చూశాడు. ఆ దృశ్యాలు మనసులో ఉన్నవాడికి గ్లెన్ రాయ్ మెట్లు ఏమని తోస్తాయి? ఒకప్పుడు సముద్రం ఈ లోయల్లోకి చొచ్చుకువచ్చిందని, నేల ఆగి ఆగి పైకి లేచిందని, ఆగిన ప్రతిచోటా అలలు ఒక మెట్టు తొలిచాయని 1839లో రాయల్ సొసైటీ పత్రికలో సుదీర్ఘ వ్యాసం ప్రకటించాడు. ఒక్క సముద్రపు గవ్వ కూడా దొరకలేదేమంటే, వాననీటికి కరిగిపోయి ఉంటాయన్నాడు.

ఆయన తర్కం వైద్యులకు బాగా పరిచయమైనదే. తెలిసిన జబ్బులను ఒక్కొక్కటిగా కొట్టివేసి, చివరికి మిగిలినదాన్ని రోగి పేర రాయడం. జాబితా సంపూర్ణమైతే ఆ పద్ధతికి తిరుగులేదు. డార్విన్ జాబితాలో ఉన్నవి రెండే: సరస్సు, సముద్రం. కట్ట జాడ లేదు కనుక సరస్సు కాదు, కాబట్టి సముద్రమే. పని పూర్తయ్యాక తానే మాయమైపోయే కట్ట ఒకటి ఉండవచ్చునన్న ఊహ ఆ జాబితాలో లేదు.

ఆ ఊహ స్విట్జర్లండ్ నుంచి వచ్చింది. 1840లో లూయీ అగాసీ, ఆక్స్‌ఫర్డ్ భూగర్భశాస్త్రవేత్త విలియం బక్‌లండ్‌తో కలిసి స్కాట్లండ్ పర్యటించాడు. ఆల్ప్స్ పర్వతాల్లో ఆలెచ్ హిమానీనదం పక్కలోయకు అడ్డంగా నిలిచి మెర్యెలెన్ అనే సరస్సును కట్టడం ఆయనకు తెలిసిన సంగతే. గ్లెన్ రాయ్ చూడగానే కట్ట మంచుదని, అది కరిగిపోయిందని గుర్తించాడు. స్కాట్లండ్‌లో హిమానీనదాల జాడలు దొరికాయన్న ఆయన లేఖ ఆ అక్టోబరులో స్కాట్స్‌మన్ పత్రికలో అచ్చయింది. డార్విన్ మాత్రం ఒప్పుకోలేదు. 1842లో వేల్స్ కొండల్లో హిమానీనదాల గుర్తులను తానే చదివి, వాటి మీద వ్యాసం రాసి కూడా, గ్లెన్ రాయ్ విషయంలో పట్టు వీడలేదు. 

చిక్కుముడి విప్పినవాడు థామస్ జేమీసన్. అబర్డీన్‌షైర్‌లో ఒక జమీందారీ వ్యవహారాలు చూసుకుంటూ భూగర్భశాస్త్రం నేర్చుకున్న మనిషి. 1861లో ఆయన గ్లెన్ రాయ్‌కు వెళ్లి, గీతల కంటే ముఖ్యంగా కనుమల లెక్క చూశాడు. చెరువు కింద సేద్యం ఎరిగినవారికి ఈ లెక్క వెంటనే బోధపడుతుంది. నిండిన చెరువులో నీటిమట్టాన్ని నిర్ణయించేది కట్ట ఎత్తు కాదు, అలుగు ఎత్తు. గ్లెన్ రాయ్ తలభాగాన స్పే నది వైపు తెరుచుకునే కనుమ 350 మీటర్ల మట్టాన ఉంది. పక్కనున్న గ్లెన్ గ్లాస్టర్ కనుమ 325 మీటర్ల గీతకు సరిపోతుంది. డార్విన్ కంటపడని ఈ కనుమను 1847లోనే డేవిడ్ మిల్న్ కనుగొన్నాడు. లాగన్ సరస్సు దాటాక వచ్చే మూడో కనుమ 260 మీటర్ల గీతకు అలుగు. మంచు ఎంత ఎత్తున పేరుకున్నా నీరు అలుగు దాటి పైకి లేవదు. మూడే గీతలు ఎందుకు, వాటి నడుమ మరేవీ ఎందుకు లేవన్న ప్రశ్నకు ఇదే జవాబు. పొరుగునున్న గ్లెన్ గ్లోయ్ లోయలో ఒకే గీత ఉంది, అది 355 మీటర్ల ఎత్తున. ఆ సరస్సు అలుగు పారింది గ్లెన్ రాయ్‌లోకే. సముద్రమైతే ఒకదాని పక్కనొకటి ఉన్న రెండు లోయల్లో ఐదు మీటర్ల తేడాతో నిలవడం అసాధ్యం.

జేమీసన్ రాసి పంపిన వాదన చదివి డార్విన్ వెంటనే ఓటమి ఒప్పుకున్నాడు. తన వ్యాసం ఆసాంతం పెద్ద పొరపాటని జవాబు రాశాడు. జీవిత చరమాంకంలో రాసుకున్న ఆత్మకథలోనూ ఆ వ్యాసానికి సిగ్గుపడుతున్నానన్నాడు. విజ్ఞానశాస్త్రంలో మినహాయింపు సూత్రాన్ని నమ్మరాదన్నది దాని నుంచి తాను నేర్చుకున్న పాఠమని చెప్పాడు.

తరవాతి పరిశోధన ఈ కథకు కాలక్రమాన్ని చేర్చింది. సుమారు 12,900 నుంచి 11,700 ఏళ్ల కిందట వాతావరణం మళ్లీ చల్లబడి, పడమటి కొండల నుంచి మంచు తూర్పుకు విస్తరించింది. ముందు గ్లెన్ స్పీన్ లోయ మూతపడి నీరు 260 మీటర్లకు చేరింది. మంచు ఇంకా ముందుకు జరిగి గ్లెన్ రాయ్ ద్వారాన్ని మూయగా 325కు, గ్లెన్ గ్లాస్టర్ దారినీ మూయగా 350కి లేచింది. మంచు వెనక్కి తగ్గినప్పుడు అవే మెట్లు దిగింది. ఆ సరస్సుల అడుగున ఏటా ఒక జత చొప్పున పేరుకున్న సన్నని బురద పొరలను లెక్కపెడితే ఐదువందల పదిహేనేళ్ల చరిత్ర తేలింది.

చివరి 260 మీటర్ల సరస్సు అలుగు మీదుగా మెల్లగా ఖాళీ కాలేదు. నీరు మంచు అడుగున దారి చేసుకుని గండి కొట్టి, స్పీన్ కొండగొంది గుండా లాక్ నెస్ వైపు ఒక్కసారిగా విరుచుకుపడింది. ఆ సరస్సు దక్షిణపు కొసనున్న ఫోర్ట్ అగస్టస్ దగ్గర విస్తారంగా పరుచుకున్న కంకర ఆ వరద తెచ్చినదేనని జె. బి. సిసన్స్ 1979లో ప్రతిపాదించాడు.